పాఠశాలలో చిత్రకారుడు

"మా పిల్లవాడు లెక్కలలో వెనుకబడియున్నాడు. బొమ్మలు వేసికొనుచు కూర్చున్నచో వానికి మార్కులు వచ్చునా?" అని తలిదండ్రులు మమ్ము తరచుగ ప్రశ్నించుచుందురు. ఈ ప్రశ్న న్యాయమైనదే. తమిళనాట హోసూరు ప్రాంతమున స్థిరపడిన మన కుటుంబములు తమ బిడ్డలను తెలుగు మాధ్యమమున చదివించుటకే ఎన్నియో ఇబ్బందులకు లోనగుచున్నవి. అట్టివారికి, పాఠశాల పనిదినములలో మూడింటిని చిత్రలేఖనమునకు ఏల వినియోగించితిమో వివరించుట మా విధి.

సాధారణముగ డ్రాయింగు తరగతిలో జరుగునది అందరెరిగినదే. ఉపాధ్యాయుడు నల్లబల్లమీద ఒక మామిడికాయను వ్రాయును. నలువదిమంది పిల్లలును దానిని చూచి నలువది మామిడికాయలను వ్రాయుదురు. వారు చూచినది సుద్దగీతనేకాని మామిడికాయను కాదు. పెరటిలోని కాయ ఒకవైపు ఉబ్బియుండుననియు, కొన ముక్కువలె వంగియుండుననియు, తొడిమెచెంత రంగు మారుననియు వారు గమనింపరు. అనుకరణమువలన చేతికి కొంత అలవాటు కలుగవచ్చును గాని, కంటికి పని కలుగదు. వియన్నా నగరమున ఫ్రాంజ్ చిజెక్ అను కళాచార్యుడు 1897లో బాలుర చిత్రకళా తరగతిని ప్రారంభించి, నమూనాలకు నకళ్ళు వ్రాయించుట మాని, పిల్లలను తమకు తోచినరీతిని వ్రాయనిచ్చెను. ఆ పద్ధతి తరువాత అనేక దేశములకు మార్గదర్శకమయ్యెను.

అయితే నమూనాను తీసివేసినంతమాత్రమున చాలదు. పని తెలిసినవాడు ఎట్లు చూచునో, ఎచ్చట ఆగునో, ఎట్లు గీచునో పిల్లలు దగ్గరనుండి కనుగొనవలయును. అందుచే శ్రీకాళహస్తి కలంకారీ నేర్చిన యొక చిత్రకారుని మా పాఠశాలకు ఆహ్వానించితిమి. మచిలీపట్నపు కలంకారీలో కొయ్యదిమ్మెలతో అద్దకము చేయుదురు. కాళహస్తిలోనన్ననో ప్రతిగీతయు కలముతో చేతనే వ్రాయుదురు గనుక దానిని వ్రాతపని యనియు పిలుచుట కలదు.

మొదటిదినమున ఆయన పిల్లల చేతికి కలమే ఈయలేదు. ఒక్కొక్కరికి ఒక వేపరెమ్మనిచ్చి, దాని ఆకులు ఎదురెదురుగ నున్నవా, ఆకు అంచు నున్నగ నున్నదా యని అడిగిరి. ప్రతిదినము వేపచెట్టుక్రింద ఆడుకొను పిల్లలలో ఒక్కరును ముందుగ చూడకుండ సరిగా చెప్పలేకపోయిరి. అంచు రంపపుపండ్లవలె నుండుననియు, ఈనెకు ఇరువైపుల ఆకు సమముగ నుండదనియు అప్పుడే తెలిసికొనిరి. పిమ్మట చింతపుల్లలను కాల్చిన బొగ్గుతో పాతకాగితములమీద వ్రాయనారంభించిరి.

రెండవదినమున బట్టను, కలమును, సిరాను సిద్ధపరచు విధమును చూపిరి. నూలుబట్టను కరక్కాయపొడి కలిపిన గేదెపాలలో ముంచి, పిండి, ఎండలో ఆరవేయుదురు. పాలలోని క్రొవ్వు సిరాను బట్టపై అలుముకొననీయదు. తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపునీటిలో కొన్నివారములు ఊరవేయగా వచ్చు ద్రవమునకు కసిమి యని పేరు. కరక్కాయలోని వగరు ఈ ఇనుపద్రవముతో కలిసినంతనే నలుపు పుట్టును. ఎరుపునకు ముందుగ పటికనీటితో వ్రాసి, తరువాత బట్టను రంగువేళ్ళతో కాచుదురు. పటిక తగిలినచోటనే ఎరుపు నిలుచును. వెదురుపుల్ల కొనను సన్నముగ చెక్కి, దానిపై గుడ్డగాని ఉన్నిగాని చుట్టి దారముతో కట్టినదే కలము. ఆ చుట్టు సిరాను పీల్చికొనును. వ్రేళ్ళతో నొక్కినకొలది సిరా కొనకు దిగును. మా విజ్ఞానశాస్త్రోపాధ్యాయుడు ఆనాడు తరగతిగదికి బదులు అచ్చటనే పాఠము చెప్పెను. కసిమితో గీచిన గీతను రబ్బరుతో చెరుపుటకు వీలులేదు. కావున గీచుటకు ముందే చూడవలయునను నియమమును మేము వేరుగ బోధింపవలసిన అవసరము కలుగలేదు.

మేము ఊహింపని లాభమొకటి సమకూరెను. మా విద్యార్థులకు తెలుగు ఇంటిలో వినబడును, పాఠ్యపుస్తకమున కనబడును. ఈ రెంటి నడుమ చేతిపనుల తెలుగు వారికి దూరమగుచున్నది. ఈనె, తొడిమె, పటిక, వగరు, కరక్కాయ అను మాటలు కొందరికి క్రొత్తగ తోచెను. ఒక బాలిక ఇంటికిపోయి కరక్కాయ యన నేమని అడుగగా, ఆమె అమ్మమ్మ దగ్గుకని దాచిన కాయనొకదానిని తీసి చూపెనట. మరునాడు ఆ కాయ పాఠశాలకు వచ్చెను. దానితోపాటు అమ్మమ్మయు వచ్చి గుమ్మముకడ నిలిచి కొంతసేపు చూచిపోయెను.

మా పొరపాటును కూడ దాచము. మూడవదినమున, జ్ఞాపకార్థముగ నల్లబల్లమీద వినాయకుని బొమ్మ వ్రాయుడని చిత్రకారుని కోరితిమి. ఆయన సంశయించుచునే వ్రాసిరి. అరగంట గడువకముందే పిల్లలలో పెక్కుమంది తమతమ బొమ్మలను విడిచి దానికి నకలు వ్రాయ మొదలిడిరి. తన తండ్రి గులాబీతోటలో మందుకొట్టుచుండుటను వ్రాయుచున్న ఆరవతరగతి బాలుడు తన బొగ్గుగీతలను అరచేతితో తుడిచివేసి వినాయకుని ప్రారంభించెను. అది చూచి చిత్రకారుడు బల్లను తుడిచివేసిరి. బాలుడు తోటను మరల వ్రాసెనుగాని, మొదటి బొమ్మలోని చురుకు దానిలో లేదు. పెద్దల బొమ్మముందు తన బొమ్మ తక్కువయని పిల్లవాడు ఎంత త్వరగ తలచునో ఆనాడు మాకు తెలిసినది.

ఇట్టి శిబిరమును నడుపగోరు పాఠశాలలకు మా అనుభవమునుండి కొన్ని మాటలు. ముప్పదిమందికి మించి పిల్లలు ఉండరాదు. ఉపాధ్యాయుడు ఆద్యంతము వెంటనుండి తానును గీయవలయును. బహుమతులు వలదు. బొమ్మలపై తేదీ వేసి భద్రపరచినచో, పిల్లవాడు ఇతరులతో గాక తన నిన్నటి పనితో నేటి పనిని పోల్చుకొనును. అతిథి వెళ్ళిన పిదప వారమునకు ఒక గంటయైనను ఆ అభ్యాసము సాగవలయును. లేనియెడల శిబిరము తిరునాళ్ళవలె ముగియును. 2020 జాతీయ విద్యావిధానము సైతము 6 నుండి 8 తరగతుల పిల్లలు పుస్తకముల సంచి లేకుండ పదిదినములు వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు, చిత్రకారులు మున్నగువారి యొద్ద పని నేర్వవలయునని సూచించినది.

పాఠశాలలో నొక కళాదృష్టిగల వ్యక్తి యుండుట ఎంతటి మేలో రాజమహేంద్రవరమువారెరుగుదురు. అచ్చటి ప్రభుత్వ కళాశాలకు ప్రధానాచార్యుడైన ఆస్వాల్డు కూల్డ్రే స్వయముగ చిత్రకారుడు. ఆయన ప్రోత్సాహముననే దామెర్ల రామారావు (1897–1925) బొంబాయి జె. జె. కళాశాలలో చేరి ఆంధ్రచిత్రకళకు క్రొత్తదారి చూపెను. కూల్డ్రే శిష్యులలో అడివి బాపిరాజు మరియొకరు. మా పిల్లలందరును దామెర్లవారు కావలెనని మేము కోరుటలేదు. తమ కంటిని తాము నమ్ముకొనుట నేర్చిన చాలును.

తలిదండ్రులారా! బొమ్మలవలన లెక్కలలో మార్కులు హెచ్చునని మేము వాగ్దానము చేయజాలము. ఒక వేపాకును సావధానముగ చూచిన పిల్లవాడు త్రిభుజమును, దేశపటమును అట్లే చూచునని మాత్రము ఆశించుచున్నాము. ఈ నెలలో మీ బిడ్డ బొమ్మనొకదానిని ఇంటికి తెచ్చును. అది దేనివలె నున్నదని అడుగకుడు. నీవు ఏమి చూచితివని అడుగుడు. వాడు చెప్పుచుండగా కొంచెముసేపు వినుడు. మా మూడుదినముల శ్రమ అంతటితో సార్థకమగును.