తిరగలి చప్పుడు

మామిడికాయల బండి నడపువారికి ఏప్రిల్, మే నెలలలో నిద్ర తక్కువ. తెల్లవారుజామున నూజివీడు తోటలలో కాయ నెత్తుకొని, ఎండ ముదురక పూర్వమే ఆగిరిపల్లి మీదుగా నున్న మార్కెట్టు చేరవలెను. అట్టి రోజులలోనే మా పికప్పు బండిలో ఒక వింత చప్పుడు బయలుదేరినది. గింజలు పోయక వట్టి తిరగలి త్రిప్పిన ఎట్లుండునో, అట్లుండెను ఆ ధ్వని. గంటకు 30 కిలోమీటర్ల వేగము దాటగానే మొదలై, వేగముతో పాటు హెచ్చి, బండి ఆగుటతో తానును ఆగిపోవుచుండెను.

మొదటి వారము దినములు మేము దానిని లక్ష్యపెట్టలేదు. మా డ్రైవరు పడుచువాడు, పాటలన్న ప్రీతి. చప్పుడు హెచ్చినకొలది అతడు రేడియో గొంతు హెచ్చించుచు వచ్చెను. రేడియో పత్రికలో ఈ మాట వ్రాయుటకు మాకు కొంత సంకోచముగనే యున్నది. కాని జరిగినది అది.

పిదప ఒక మేస్త్రికి చూపితిమి. ఆయన బండి ఎక్కి, కొంత దూరము పోయి వచ్చి, “క్రౌను పినియను పోయిందండీ. హౌసింగు దించాల్సిందే” అనెను. చప్పుడు వెనుకనుండి వచ్చుచున్నట్లు మాకును తోచినందున కాదనలేకపోతిమి. ఆయన చెప్పిన మొత్తము మా సీజను రాబడిలో సగమునకు దగ్గరగా నుండెను. ఖర్చు అటుండగా, హౌసింగు దించినచో మూడు నాలుగు దినములు బండి కదలదు. చెట్టున పండునది మన కొరకు ఆగదు గదా! ఆ బండి మీద రెండు కుటుంబములు బ్రతుకుచున్నవి.

మా పినతండ్రిగారు చిరకాలము లారీలు నడిపి, ఇప్పుడు ఇంటిపట్టున ఉన్నవారు. సంగతి విని, “ఏ పన్ను నొప్పో తెలియకుండా దవడంతా పీకించుకుంటారట్రా?” అని మందలించి, తామే వచ్చి బండిలో కూర్చుండిరి. ముందు రేడియో కట్టివేయించిరి. ఆ దినమున వారు చేసిన పరీక్షలను, వాని వెనుకనున్న కారణములను ఇక్కడ వివరించుచున్నాము.

చప్పుడు ఎక్కడ వినబడుచున్నదని అడుగుటకంటె, అది దేనిననుసరించి మారుచున్నదని అడుగుట మేలు. ఇంజను వేగము ననుసరించు చప్పుడు వేరు, చక్రముల వేగము ననుసరించునది వేరు. బండిని నిలిపి, ఇంజను నడపుచు, గేరు న్యూట్రలులో నుంచి ఆక్సిలరేటరు నొక్కితిమి. తిరగలి పలుకలేదు. క్లచ్చి త్రొక్కితిమి, వదలితిమి, అప్పుడును లేదు. క్లచ్చి త్రొక్కినపుడు మాత్రమే గరగర వినబడినచో రిలీజు బేరింగును అనుమానింపవలెను. వదలినపుడు వినబడి, త్రొక్కగానే అణగినచో గేరుబాక్సు ముందటి షాఫ్టు బేరింగును అనుమానింపవలెను. మాకు ఈ రెండును తప్పినవి.

తరువాత బ్రేకు. బ్రేకు వేసినపుడు మాత్రమే బరబర వచ్చినచో, ప్యాడ్ల మందు అరిగి వెనుకనున్న ఇనుపరేకు డిస్కును గీయుచున్నదని అర్థము. అట్టి బండిని ఒక్క దినమైనను బరువుతో నడపరాదు. ఒక్కొక్కప్పుడు డిస్కునకు, దాని వెనుకనున్న రేకునకు మధ్య చిన్న గులకరాయి చిక్కుకొని ఇంతటి గోలయు చేయును. రాయి తీసివేసిన సరి. మా బండిలో బ్రేకు వేసినను మానినను చప్పుడు ఒకే తీరుగా నుండెను.

ఇక చదునైన ఖాళీ రోడ్డుమీద, ఖాళీ బండిని 40 కిలోమీటర్ల వేగమునకు తెచ్చి, న్యూట్రలు చేసి జారవిడచితిమి. ఇంజనును మాత్రము ఆర్పలేదు. ఇంజను ఆగినచో బ్రేకునకును, పవరు స్టీరింగు గల బండ్లలో స్టీరింగునకును సాయము పోవును. చప్పుడు తగ్గలేదు. కావున ఇంజనును, క్లచ్చిని నిర్దోషులుగా విడిచితిమి. మరల గేరులో వేసి ఆక్సిలరేటరు నొక్కుచు, వదలుచు పోయితిమి. క్రౌను పినియను పండ్లు అరిగినచో సాధారణముగా లాగునపుడు ఒక స్వరము, వదలినపుడు ఇంకొక స్వరము పలుకును. మాది ఏకస్వరమే. మేస్త్రి మాటపై మాకు అనుమానము ఇక్కడ పుట్టినది.

చివరి పరీక్షతో గుట్టు బయటపడినది. అదే వేగమున బండిని మెల్లగా కుడికి, ఎడమకు ఊయల వలె త్రిప్పించిరి. కుడికి తిరిగినపుడు తిరగలి బిగ్గరగా మ్రోగెను. ఎడమకు తిరిగినపుడు ఇంచుమించు నోరు మూసికొనెను. బండి కుడికి తిరుగునపుడు బరువు ఎడమ చక్రములపైకి ఒరగును. బరువు పడి మూలిగినది ఎడమ బేరింగు. జాయింటు షాఫ్టు సెంటరు బేరింగు అయినచో కుడి యెడమల భేద మింతగా నుండదు.

ఎడమ ప్రక్కన ముందుదా, వెనుకదా? చాసిసు ఇనుము ధ్వనిని ఈ కొననుండి ఆ కొనకు మోయును గనుక చెవిని నమ్మరాదు. మిగిలిన చక్రములకు రాళ్లు అడ్డుపెట్టి, జాకీతో ఒక్కొక్క చక్రమును లేపి, క్రింద స్టాండు నుంచితిమి. వట్టి జాకీని నమ్మి బండి క్రిందికి ఎవరును పోరాదు. ఒక చేతితో చక్రము త్రిప్పుచు రెండవ చేయి కమానుపై నుంచి చూచితిమి. వెనుక చక్రము నునుపుగా తిరిగినది. ముందు చక్రము తిరుగునపుడు కమానులో ఇసుక నలిగినట్లు చేతికి తెలిసినది. పైన, క్రింద పట్టి ఊపగా చక్రము స్పష్టముగా కదలెను.

వెనుకటి మేస్త్రినే పిలిపించితిమి. ఆయన నొచ్చుకొనక, “చెవి మోసం చేసిందండీ” అని పనికి కూర్చుండెను. బ్రేకు క్యాలిపరును విప్పి, దాని గొట్టముపై బరువు పడకుండ తీగతో పైకి కట్టెను. హబ్బు ఊడదీయగా లోపలి గ్రీజు నీరు కలిసి పాలవలె తెల్లబడియుండెను. రోలర్లు వేడికి నీలివన్నె తిరిగినవి. అవి పరుగెత్తు కప్పులో చిన్న చిన్న గుంటలు పడినవి. ఇంకొంత కాలము నడపినచో బేరింగు బిగిసిపోయి, కాయ బరువుతో నున్న బండికి చక్రమే తప్పి యుండెడిది.

నీరెట్లు చేరినది? గత వానలలో మా ఊరి వాగు చప్టా మీదుగా, పరుగెత్తి వచ్చిన బండిని నిలుపక నీటిలో దింపినవారము మేమే. వేడెక్కిన హబ్బు చల్లని నీటిలో మునిగినపుడు లోపలి గాలి ముడుచుకొని, పాతబడిన ఆయిలు సీలు సందుననుండి నీటిని పీల్చుకొనును. ఆ తరువాత గ్రీజు మార్పించవలెనను ఆలోచనయే మాకు రాలేదు.

రోలర్లను మాత్రమే మార్చి పాత కప్పును ఉంచరాదు. గుంటలు పడిన కప్పు క్రొత్త రోలర్లను త్వరలోనే చెరచును. లోపలి బేరింగు, వెలుపలి బేరింగు, కప్పులు, సీలు, అన్నియు క్రొత్తవి వేసితిమి. గ్రీజును పైపైన పూయక, అరచేతిలో నుంచుకొని రోలర్ల సందులలోనికి ఒత్తి నింపెను మేస్త్రి. చక్రము త్రిప్పుచునే నట్టును బిగించి, మరల వదులు చేసి, కొలత చూచి నిలిపి, స్ప్లిట్టు పిన్ను వేసెను. ఎక్కువ బిగించిన బేరింగు కాలిపోవును. ఎక్కువ వదలినది ఊగును. పూట పని. ఖర్చు హౌసింగు మాటలో పదవ వంతైనను కాలేదు.

మరునాటి తెల్లవారుజామున కాయ నెత్తుకొని బయలుదేరితిమి. ఆగిరిపల్లి వరకు మా డ్రైవరు రేడియో పెట్టలేదు. అక్కడ బండి ఆపి, దిగి, ముందు ఎడమ హబ్బుపై జాగ్రత్తగా చేయి వేసి చూచెను. గోరువెచ్చగా మాత్రమే ఉండెను. కుడివైపుదానిని కూడ తాకి చూచి, రెండును ఒకటేనని తేల్చుకొనిన పిదప, బండి ఎక్కి పాటలు పెట్టెను.