సబ్‌మెర్సిబుల్ పంపు: ధర కంటే కరెంటు ఖర్చే బరువు

ఉప్పుడు బియ్యం మిల్లులకు, కోల్డ్ స్టోరేజీలకు సబ్‌మెర్సిబుల్ పంపు కొనేటప్పుడు ‘ఎన్ని హార్స్‌పవర్, ఎంత ధర’ అన్న రెండు ప్రశ్నలతోనే బేరం ముగించడం పరిపాటి. ఈ విధంగా బేరంలో మిగిలిన సొమ్ము తరువాత కరెంటు బిల్లులో పోతుంది.

ముందుగా తేల్చుకోవలసినవి రెండు: గంటకు కావలసిన నీరు, దానిని ఎత్తవలసిన మొత్తం ఎత్తు. ఈ ఎత్తునే హెడ్ అంటారు. హెడ్ అంటే బోరు లోతు కాదు. పంపు నడుస్తుండగా, వేసవిలో నీటిమట్టం ఎంతవరకు దిగుతుందో అక్కడి నుంచి టాంకు వరకు గల ఎత్తుకు, పైపులలో ఒరిపిడి నష్టాన్ని కలిపి లెక్కించాలి. బోరులో ఊరే నీటి కంటే పంపు తోడే నీరు ఎక్కువైతే, పంపు నీరు లేకుండా తిరిగి పాడవుతుంది.

ఉదాహరణకు 100 మీటర్ల హెడ్‌పై గంటకు 18,000 లీటర్లు కావాలనుకుందాం. నీటిని ఎత్తడానికే 4.9 కిలోవాట్లు అవసరం. పంపు, మోటారు కలిసిన సామర్థ్యం 50 శాతమైతే 9.8 కిలోవాట్లు, 40 శాతమైతే సుమారు 12.3 కిలోవాట్లు ఖర్చవుతాయి. ఏడాదికి 3,000 గంటలు నడిస్తే తేడా దాదాపు 7,350 యూనిట్లు. యూనిట్ రూ. 7 చొప్పున చూసినా రూ. 51 వేలు దాటుతుంది. కాబట్టి చౌక పంపు అన్నివేళలా చౌక కాదు.

నీటి స్వభావం కూడా చూడాలి. బోరు పంపులకు వర్తించే ఐ.ఎస్. 8034 ప్రమాణం తేట నీటికి ఉద్దేశించినది. రాతి పొడి కలిసిన క్వారీ నీటికి ఆ పంపులు పనికిరావు. బురద నీటి పంపులు వేరుగా ఉన్నాయి. ఉప్పు నీటికి తుప్పు పట్టని లోహభాగాలు అవసరం. మోటారు చల్లబడేది దాని చుట్టూ పారే నీటివల్లనే. కావున బోరు పంపును వెడల్పైన సంపులో దించితే, నీరు మోటారును ఒరుసుకుని పారేలా గొట్టపు తొడుగు అమర్చాలి. కేబుల్ సన్నమైతే వోల్టేజీ పడిపోయి వైండింగ్ కాలిపోతుంది. ఒక ఫేజు పోయినా, బోరులో నీరు తగ్గినా మోటారును ఆపివేసే రక్షణ స్టార్టర్‌లో ఉండాలి.

కొటేషన్‌లో హార్స్‌పవర్ ఒక్కటే ఉంటే చాలదు. కోరిన హెడ్ వద్ద ఎన్ని లీటర్లు వచ్చేదీ, ఎన్ని కిలోవాట్లు తీసుకునేదీ రాతపూర్వకంగా తీసుకున్న తరువాతే ధర మాట్లాడడం కొనుగోలుదారుకు క్షేమం.