పాఠం చెప్పడం వస్తే పరిశోధనకూ మేలే

బడిలో టీచర్ కావాలంటే బీఈడీ లాంటి శిక్షణ ఉండాలి. విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పడానికి అలాంటి నియమం లేదు. ఏళ్లకు ఏళ్లు పరిశోధన నేర్చుకుని అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరినవారిలో చాలామంది, బోధన మాత్రం నేరుగా తరగతిలోనే నేర్చుకుంటారు.

పైగా బోధనా నైపుణ్యానికి మన నిబంధనల్లో విలువ తక్కువ. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం, విశ్వవిద్యాలయ ఉద్యోగానికి అభ్యర్థులను వడపోసేటప్పుడు పీహెచ్‌డీకి 30 మార్కులు. బోధనానుభవానికి ఏడాదికి 2 చొప్పున 10కి మించవు. చేరాక పదోన్నతికి బోధన విషయంలో చూసేది, కేటాయించిన తరగతుల్లో ఎన్ని తీసుకున్నారన్నదే. 80 శాతం, ఆపైన ఉంటే బోధన బాగున్నట్టు లెక్క. విద్యార్థులకు ఎంత అర్థమైందన్న ప్రశ్నకు ఆ లెక్కలో చోటు లేదు. ప్రచురించిన ప్రతి పరిశోధన పత్రానికీ మాత్రం విడిగా పాయింట్లున్నాయి. దాంతో పాఠం మీద పెట్టే శ్రద్ధ ఉద్యోగ జీవితానికి నష్టమని కొత్తవారు అనుకుంటారు.

నిజానికి నష్టం చేసేది నైపుణ్యం లేకపోవడం. అమెరికాలో రాబర్ట్ బాయిస్ అనే మనస్తత్వవేత్త కొత్త అధ్యాపకులను ఏళ్ల తరబడి గమనించి, 1992లో వారిపై పుస్తకం ప్రచురించారు. ఎవరైనా తప్పుపడతారేమోనన్న భయంతో చాలామంది గంటలో చెప్పలేనంత సమాచారం పోగుచేసి, క్లాసులో గబగబా ఒప్పజెప్పేవారు. ఆ తయారీకే పొద్దంతా చాలక, పరిశోధన పత్రాలు రాయడం వాయిదా పడేది. త్వరగా నిలదొక్కుకున్న కొద్దిమంది మాత్రం తయారీకి హద్దు పెట్టుకుని, విద్యార్థులను మాట్లాడనిచ్చి, క్రమం తప్పకుండా కొంత కొంత రాసుకునేవారు.

తక్కువ చెబితే విద్యార్థి నష్టపోతాడా? సైన్స్, ఇంజనీరింగ్, గణిత తరగతులపై జరిగిన 225 అధ్యయనాలను 2014లో కలిపి విశ్లేషించారు. ఉపన్యాసం వింటూ కూర్చున్నవారు ఫెయిలయ్యే అవకాశం, క్లాసులోనే చర్చిస్తూ లెక్కలు చేస్తూ నేర్చుకున్నవారి కంటే ఒకటిన్నర రెట్లు ఎక్కువని తేలింది. మంచి బోధన విద్యార్థిని గట్టెక్కిస్తుంది, అధ్యాపకుడికి సమయమూ మిగులుస్తుంది.

ఉస్మానియా, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం వంటి చోట్ల మాలవీయ మిషన్ అధ్యాపక శిక్షణ కేంద్రాలున్నాయి. అక్కడి శిక్షణను పదోన్నతికి కావలసిన సర్టిఫికెట్‌గా మాత్రమే చూడకూడదు. విశ్వవిద్యాలయాలు కొత్తవారికి తొలి ఏడాది పనిభారం తగ్గించాలి. అనుభవజ్ఞులు వారి క్లాసులో కూర్చుని సలహా ఇవ్వాలి, ఆ అభిప్రాయానికి పదోన్నతిలో విలువ ఉండాలి. కొత్తగా చేరిన మిత్రులు అంతవరకూ ఆగనక్కర్లేదు. మీ విభాగంలో బాగా పాఠం చెప్పే పెద్దలెవరో మీకు తెలుసు. ఈ సెమిస్టర్‌లోనే వారిని మీ క్లాసుకు పిలవండి.