నీటిరంగుల్లో మందారం, నందివర్ధనం

నీటిరంగుల పెట్టెలో తెలుపు ఉన్నా, పూలు వేసేవాళ్లు దాన్ని దాదాపు ముట్టుకోరు. ఈ రంగులు పారదర్శకం. మెత్తని రంగుపొడిని తుమ్మజాతి చెట్ల బంకతో కలిపి వీటిని తయారుచేస్తారు. నీరు ఆవిరయ్యాక కాగితం మీద పలచని పొర మిగులుతుంది. వెలుతురు ఆ పొర దాటి కాగితాన్ని తాకి వెనక్కి వస్తుంది కాబట్టే పూరేకు లోపలి నుంచి మెరిసినట్టు ఉంటుంది. తైలవర్ణాల్లో ముదురు మీద లేతరంగు పూసి వెలుగు తేవచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు. లేతతో మొదలుపెట్టి ముదురుకు వెళ్లాలి, ఎక్కడ రంగు పడకూడదో ముందే తేల్చుకోవాలి.

కాగితం దగ్గర పిసినారితనం పనికిరాదు. మామూలు డ్రాయింగ్ కాగితం తడి తగలగానే ఉబ్బి వంకర్లు పోతుంది, రంగు ఆ గుంటల్లో చేరుతుంది. చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే నూలు కాగితం తడికి తట్టుకుంటుంది. ఇందులో కాస్త గరుకుగా ఉండే కోల్డ్ ప్రెస్డ్ రకం ధారాళంగా వేసే పూలకు బాగుంటుంది. ఈనెలు, కేసరాలు వివరంగా చూపే వృక్షశాస్త్ర చిత్రాలకు నున్నటి హాట్ ప్రెస్డ్ నప్పుతుంది. కుంచెలు రెండు చాలు.

నేర్చుకునేవారికి ఒంటిరెక్క ఎర్రమందారం మంచి పాఠం. ఐదు రేకులు, ఒకదాని అంచు మరొకదాని మీదికి ఎక్కి, అన్నీ ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయి. నడుమ పొడవాటి కాడ, దాని చుట్టూ పసుపు పుప్పొడి తిత్తులు, కొసన ఐదు ఎర్రటి బొడిపెలు. ఈ అమరికను పెన్సిలుతో తేలిగ్గా గీయాలి. నొక్కి గీస్తే పైన ఎన్ని పూతలు వేసినా గీత కనిపిస్తూనే ఉంటుంది.

పక్కపక్క రేకులను వెంటవెంటనే వేస్తే రెండు తడులూ కలిసిపోతాయి. అందుకని ఒకటి విడిచి ఒకటి. రేకును ముందు మంచినీటితో తడిపి, ఆ మెరుపు ఉండగానే గొంతు దగ్గర చిక్కటి ఎరుపు తాకిస్తే, అది తనంతట తానే అంచువైపు పాకుతూ పలచబడుతుంది. అప్పుడు చేతులు కట్టుకుని కూర్చోవడమే కష్టం. సగం ఆరిన రేకును సరిదిద్దుదామని నీళ్ల కుంచె ఆనిస్తే, కొత్త నీరు రంగును తోసేసి కాలీఫ్లవర్ అంచులాంటి మరక కడుతుంది. బొమ్మలు ఎక్కువగా పాడయ్యేది ఇలాగే. పూర్తిగా ఆరాకే రెండో పూత. ఆరితే రంగు కాస్త వెలవెలబోతుంది కనుక మొదటే కొంచెం చిక్కగా వేయాలి. నీడ కోసం నలుపు కలిపితే ఎరుపు మురికిపడుతుంది, చిటికెడు ఆకుపచ్చ కలిపితే లోతు వస్తుంది. అలిజరిన్ క్రిమ్సన్ ఎంత అందంగా ఉన్నా ఎండకు వెలిసిపోతుంది. క్వినాక్రిడోన్ ఎరుపులు నిలుస్తాయి.

నందివర్ధనం అసలు పరీక్ష. ఇక్కడ పువ్వంటే రంగు పడని కాగితమే. చుట్టూ ఉన్న ఆకులను ముదురు పచ్చతో వేస్తేనే రేకుల అంచులు తేలతాయి. నీడ పడినచోట పలచని నీలిబూడిద, గొంతులో లేతపసుపు, అంతే. మరీ సన్నని తెల్లభాగాలను కాపాడుకోవడానికి రబ్బరుపాలతో చేసిన మాస్కింగ్ ద్రవం పూసి, రంగు ఆరాక వేలితో ఒలిచేస్తారు.

తెలుగు తీరానికి ఈ విద్యతో పాత బంధమే ఉంది. 1780లలో సామర్లకోటలో ఉన్న ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ అక్కడి మొక్కలను భారతీయ చిత్రకారుల చేత వేయించాడు. చిక్కటి రంగులతో పనిచేసే అలవాటున్న మన చిత్రకారులు కంపెనీ దొరల కోసం పలచని పూతలకు మళ్లిన కాలం అది. ఆ చిత్రాల్లోంచి ఎంచిన 300 ఫలకాలు ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’ పేరుతో 1795–1820 మధ్య లండన్‌లో మూడు సంపుటాలుగా వెలువడ్డాయి. మన మోదుగ కూడా వాటిలో ఉంది. పుస్తకం మీద రాక్స్‌బర్గ్ పేరు నిలిచింది, కుంచె పట్టినవాళ్ల పేర్లు మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. ఆయన కలకత్తా వెళ్లాక కూడా సాగిన ఈ పనిలో 2,500కు పైగా చిత్రాలు తయారయ్యాయి. వాటి ప్రతులు ఇప్పుడు లండన్‌లోని క్యూ ఉద్యానంలోనూ, హౌరాలోని వృక్షశాస్త్ర భాండాగారంలోనూ ఉన్నాయి.