కొసావో ముందా, సెర్బియా ముందా? బాల్కన్ రోడ్డు ప్రయాణానికి మనవాళ్ళ ప్లాన్

పోయిన ఎపిసోడ్ తర్వాత ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒక్కటే. "అన్నా, లీవ్‌లో యూరప్ పోతున్నాం. అల్బేనియా, కొసావో చూసుకుని అక్కడినుంచి బస్సులో సెర్బియా వెళ్ళొచ్చా?" జవాబు ముందే చెప్పేస్తాను: నేరుగా వెళ్ళలేరు. మీ వీసా సరిగ్గా ఉన్నా, టికెట్ చేతిలో ఉన్నా సెర్బియా పోలీసులు వెనక్కి తిప్పేస్తారు. అదే రెండు ఊళ్ళూ వరస మార్చి తిరిగితే దారి ఉంది. ఎందుకలా అనేది ఎపిసోడ్‌లో గబగబా అయిపోయింది, అందుకే ఇక్కడ కాస్త నిదానంగా రాస్తున్నాను.

గొడవ ఎక్కడుంది

కొసావో 2008 ఫిబ్రవరి 17న స్వతంత్ర దేశంగా ప్రకటించుకుంది. సెర్బియా ఒప్పుకోలేదు, అది ఇప్పటికీ మా భూభాగమే అంటుంది. ఆస్ట్రేలియా రెండు రోజుల్లోనే గుర్తించింది. ఇండియా ఇంతవరకు గుర్తించలేదు. యూరోపియన్ యూనియన్‌లో కూడా స్పెయిన్, గ్రీస్, సైప్రస్, రొమేనియా, స్లొవాకియా గుర్తించలేదు.

మనవాళ్ళకి అర్థమయ్యే పోలిక ఒకటుంది. సాలూరు పక్కన కొండల్లో కొటియా గ్రామాలు. 21 గ్రామాలు మావంటే మావని ఆంధ్రా, ఒడిశా దశాబ్దాలుగా కోర్టులో ఉన్నాయి. అక్కడ చాలామంది దగ్గర రెండు రాష్ట్రాల కార్డులూ ఉంటాయి, రెండు వైపులా ఓటు వేసినవాళ్ళూ ఉన్నారు. అక్కడ రెండు ప్రభుత్వాల మీదా ఒకే దేశం ఉంది కాబట్టి మనిషి నడిచి వెళ్ళడానికి అడ్డు లేదు. కొసావోలో ఆ పెద్ద గొడుగు లేదు. అందుకే గొడవంతా వచ్చి మన పాస్‌పోర్ట్ పేజీ మీద పడుతుంది.

ఈ గొడవ ఆస్ట్రేలియాకి కొత్తేమీ కాదు. 1999 యుద్ధంలో ఇళ్ళు వదిలి పారిపోయిన కొసావో వాళ్ళని సుమారు 4,000 మందిని ఇక్కడికి తెచ్చి, ఆర్మీ క్యాంపుల్లో తాత్కాలిక వీసా మీద ఉంచారు. ఎక్కువమంది తర్వాత వెనక్కి వెళ్ళిపోయారు. మీ సైట్‌లో సెర్బ్ ఉండొచ్చు, అల్బేనియన్ ఉండొచ్చు, క్రొయేషియన్ ఉండొచ్చు. స్మోకో టైమ్‌లో "అది ఏ దేశం?" అని సరదాకి కూడా అడక్కండి. ఒక్కొక్కరి ఇంట్లో ఒక్కో కథ ఉంటుంది.

ముద్ర లెక్క

సెర్బియా లెక్కలో కొసావోతో ఉన్నది దేశ సరిహద్దు కాదు, లోపలి పరిపాలన గీత. మీరు అల్బేనియా నుంచో, ఉత్తర మాసిడోనియా నుంచో కొసావోలోకి దిగారనుకోండి. కొసావో దృష్టిలో మీరు చట్టంగా వచ్చారు. సెర్బియా దృష్టిలో మాత్రం మా దేశంలోకి మా ముద్ర లేకుండా వచ్చిన మనిషి. అక్కడినుంచి మెర్దారే చెక్‌పోస్ట్‌కి వస్తే "మీరు లోపలికి ఎక్కడ వచ్చారు?" అంటారు. చూపించడానికి సెర్బియా ముద్ర ఉండదు, వెనక్కి పొమ్మంటారు. ఎలాగో లోపలికి వెళ్ళి తర్వాత దొరికితే అక్రమ ప్రవేశం కింద కేసు అవుతుంది.

తిరగేసి చూడండి. ముందు బెల్‌గ్రేడ్‌లో దిగి ముద్ర వేయించుకుని, బస్సులో మెర్దారే మీదుగా ప్రిష్టినా వెళ్ళి, అదే దారిలో తిరిగొస్తే సెర్బియా లెక్కలో మీరు అసలు దేశం దాటలేదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. కొసావోలోకి వెళ్ళేటప్పుడు సెర్బియా పోలీసులు బయటికి వెళ్ళినట్టు ముద్ర వెయ్యరు. అక్కడినుంచి స్కోప్యే వెళ్ళిపోయి విమానం ఎక్కితే, సెర్బియా పుస్తకంలో మీరు ఇంకా లోపలే ఉన్నట్టు. మళ్ళీ ఎప్పుడైనా సెర్బియా వెళ్తే ప్రశ్న రావచ్చు. అందుకే బస్ టికెట్లు, హోటల్ బిల్లులు ఫోన్లో ఫోటో తీసి దాచుకోండి.

ఏ వరసలో తిరగాలి

శ్లాబ్ పొయ్యకముందు స్టీల్, షట్టరింగ్, పైపులు ఏది ముందో ఏది వెనకో మనకి తెలుసు. వరస తప్పితే పగలగొట్టాల్సిందే. ఇదీ అంతే.

1. సెర్బియా, కొసావో, మళ్ళీ సెర్బియా. అన్నిటికంటే శుభ్రమైన దారి.
2. కొసావో, ఉత్తర మాసిడోనియా, సెర్బియా. ప్రిష్టినా నుంచి స్కోప్యే సుమారు 90 కిలోమీటర్లే. అక్కడినుంచి పైకి వెళ్ళి తబనోవ్‌ట్సె దగ్గర సెర్బియాలోకి దిగితే అసలైన ప్రవేశ ముద్ర పడుతుంది.
3. సెర్బియా, కొసావో, ఉత్తర మాసిడోనియా. కుదురుతుంది, కానీ పైన చెప్పిన బయటి ముద్ర లెక్క గుర్తుంచుకోండి.
4. కొసావో నుంచి నేరుగా సెర్బియా. వద్దు.

ఉత్తరాన యారిన్యె, బ్రన్యాక్ అని ఇంకో రెండు చెక్‌పోస్ట్‌లున్నాయి. ఉద్రిక్తత వస్తే ముందు మూతపడేవి అవే. 2022 డిసెంబర్ చివర్లో మెర్దారే కూడా మూతపడింది. అందుకని విమానానికి ముందు రోజు ఈ గీత దాటే ప్లాన్ పెట్టుకోవద్దు, మధ్యలో రెండు రోజులు ఖాళీ వదలండి. అద్దె కారైతే కొసావోలోకి తీసుకెళ్ళొచ్చని కాగితం మీద రాయించుకోండి, ఇన్సూరెన్స్ అక్కడ పనిచేస్తుందో అడగండి.

ఏ పాస్‌పోర్ట్ మీద వెళ్తున్నారు

ఒకే ఊరి నుంచి వచ్చిన ఇద్దరు, ఒకరికి ఆస్ట్రేలియా సిటిజన్‌షిప్ వచ్చింది, ఇంకొకరు 482 మీద ఉన్నారు. ఇద్దరికీ ఒకే ప్లాన్ కుదరదు. ఆస్ట్రేలియా పాస్‌పోర్ట్‌కి సెర్బియా, కొసావో రెంటికీ టూరిస్ట్ వీసా అక్కర్లేదు. ఇండియా పాస్‌పోర్ట్‌కి సెర్బియా ఇచ్చిన వీసా లేని సౌకర్యం 2023 జనవరి 1 నుంచి ఆగిపోయింది. పాత వీడియోలు చూసి బయల్దేరొద్దు.

ఇండియా పాస్‌పోర్ట్ వాళ్ళకి అసలు తాళంచెవి మల్టిపుల్ ఎంట్రీ షెంగెన్ వీసా. అది చెల్లుబాటులో ఉంటే సెర్బియా వేరే వీసా అడగదు, కొసావో 15 రోజుల దాకా రానిస్తుంది. బోస్నియా, మాంటెనెగ్రో, అల్బేనియా, ఉత్తర మాసిడోనియాలు కూడా దాన్ని తమ తమ షరతులతో ఒప్పుకుంటాయి. టికెట్ కొనేముందు ఆయా దేశాల విదేశాంగ శాఖ పేజీలో ఆ షరతులు చదవండి. ఆస్ట్రేలియా పీఆర్ ఉంది కదా అని ధైర్యం వద్దు, షెంగెన్‌కి అది వీసా బదులు పనికిరాదు.

ఇంకోటి. ఇండియా కొసావోని గుర్తించలేదు కాబట్టి అక్కడ మన ఎంబసీ లేదు. పాస్‌పోర్ట్ పోతే కొత్త కాగితం కోసం పక్క దేశం వైపు చూడాలి, పక్క దేశానికి వెళ్ళాలంటే పాస్‌పోర్ట్ కావాలి. కాబట్టి అక్కడ ఉన్నన్నాళ్ళూ పాస్‌పోర్ట్ ఒంటి మీదే ఉండాలి.

సింగిల్ ఎంట్రీ చిక్కు

క్రొయేషియా 2023 జనవరి 1న షెంగెన్‌లో చేరింది. కానీ దాని సముద్రతీరాన్ని నేయుమ్ దగ్గర సుమారు 20 కిలోమీటర్ల బోస్నియా ముక్క రెండుగా కోస్తుంది. స్ప్లిట్ నుంచి దుబ్రోవ్నిక్ వెళ్ళేవాళ్ళు ఒకప్పుడు రెండుసార్లు బోర్డర్ దాటాల్సొచ్చేది. 2022 జూలై 26న పెల్యెషాట్స్ వంతెన తెరిచారు. 2,404 మీటర్ల కేబుల్ బ్రిడ్జి, చైనా కంపెనీ కట్టింది, పని చేసేవాళ్ళు చూసి తీరాల్సిన కట్టడం. ఇప్పుడు బోస్నియాలో అడుగు పెట్టకుండా దాటొచ్చు. మీది సింగిల్ ఎంట్రీ వీసా అయితే ఎక్కేముందు డ్రైవర్‌ని అడగండి: "వంతెన మీదుగానా, నేయుమ్ మీదుగానా?" నేయుమ్ మీదుగా అయితే బోస్నియాలోకి వెళ్ళగానే మీ వీసా అయిపోయినట్టే, తిరిగి క్రొయేషియాలోకి రానివ్వరు.

బోస్నియా లోపల "రిపబ్లికా స్ర్‌ప్‌స్కా" అని పెద్ద బోర్డు కనిపిస్తే కంగారు పడొద్దు. అది దేశం లోపలి భాగమే, చెకింగ్ ఉండదు. క్రొయేషియా, సెర్బియా మధ్య డాన్యూబ్ ఒడ్డున 2015లో ఎవరో జెండా పాతి "లిబర్‌లాండ్" అన్న చోటికి మాత్రం సరదాకి కూడా పోవద్దు. క్రొయేషియా పోలీసులు అలా వెళ్ళినవాళ్ళని పట్టుకున్నారు.

మనకి అసలు పోయేదేంటి

టూరిస్ట్‌కి బోర్డర్‌లో తిప్పేస్తే ఒక రోజు పోతుంది. మనకి అంతకంటే ఎక్కువ పోవచ్చు. ఆస్ట్రేలియా వీసా ఫారాల్లో, మిమ్మల్ని ఏ దేశమైనా పంపించేసిందా, రాకుండా నిషేధించిందా, మీ వీసా రద్దు చేసిందా అని అడుగుతారు. అలాంటిది జరిగితే నిజం రాసి కాగితాలు జతచెయ్యాలి. రాసినంత మాత్రాన వీసా పోదు. దాచితేనే ప్రమాదం: తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే ఆ దరఖాస్తుతో పాటు మూడేళ్ళపాటు వేరే వీసాలకీ దారి మూసుకుపోవచ్చు, కుటుంబానికి కూడా.

బయల్దేరేముందు ఇవి చూసుకోండి:

- బ్రిడ్జింగ్ వీసా ఏ మీద ఉంటే బయటికి వెళ్ళొద్దు, వెళ్తే తిరిగి రాలేరు. ముందు బ్రిడ్జింగ్ వీసా బీ తీసుకోండి.
- పీఆర్ వాళ్ళు ఐదేళ్ళ ట్రావెల్ గడువు ఉందో లేదో చూసుకోండి.
- షెంగెన్‌లో 180 రోజుల్లో 90 రోజులే. 2025 అక్టోబర్ 12 నుంచి అక్కడ ముద్రల బదులు వేలిముద్రలు, ముఖం ఫోటో తీసే మిషన్లు వస్తున్నాయి. ఒక్కరోజు ఎక్కువున్నా మిషన్ పట్టేస్తుంది.
- ఆస్ట్రేలియా ప్రభుత్వ స్మార్ట్‌ట్రావెలర్ పేజీలో కొసావో, సెర్బియా రెండూ విడివిడిగా చదవండి.
- ఇన్సూరెన్స్‌లో కొసావో పేరు ఉందో లేదో చూడండి.

ఏ దేశం ఎవరిదో తేల్చే పని మనది కాదు. ఏ ముద్ర ముందు పడాలో తెలుసుకోవడం మాత్రం మన పనే. మీ రూట్, మీ వీసా రకం రాసి పంపండి, వచ్చే ఎపిసోడ్‌లో ఒక్కొక్కటీ చూద్దాం.