పాత బండికి కొత్త ఇంజను

అమెరికా దేశంలో పాత పికప్పు బండ్లంటే ప్రాణం పెట్టేవారు చాలామంది ఉన్నారు. ముందు ఇద్దరు ముగ్గురు కూర్చొనే గది, వెనుక కప్పులేని తొట్టి - ఇదే పికప్పు. ఒకప్పుడు రైతులు దాణా బస్తాలూ, పాల డబ్బాలూ వేసుకొని తిరిగిన బండ్లను నేడు కొట్టాలలో నుండి బయటికి లాగి, తుప్పు గీకించి, రంగు వేయించి, లోపలి ఇంజనును మాత్రం తీసివేసి దానికి మూడు రెట్లు శక్తిగల మరొక ఇంజనును కూర్చుతున్నారు. పైకి చూస్తే తాతగారు, లోపల మనుమడు! చూచేవారికి ఇది వేడుక. భౌతికశాస్త్రం చదివే విద్యార్థికి చక్కని లెక్క. ఆ లెక్క తప్పితే మాత్రం బండి నడిపేవానికి ప్రాణాపాయం.

పాత ఇంజను విప్పి కొత్తది బిగించుటే గదా, ఇందులో ఇంకేమున్నది అని తోచవచ్చును. ఒక బండిని ఉదాహరణగా తీసుకొని చూద్దాం. షెవ్రోలే కంపెనీ 1947లో ఒక కొత్తరకం పికప్పును విడుదల చేసింది. గుండ్రని భుజాలు, నిబ్బరమైన ముఖము గల ఈ బండిలో వరుసగా ఆరు సిలిండర్లుండే ఇంజను ఉన్నది. దాని ఘనపరిమాణం 216 ఘనపుటంగుళాలు, అనగా సుమారు మూడున్నర లీటర్లు. నిమిషానికి 3300 చుట్లు తిరిగేటప్పుడు అది 90 అశ్వశక్తి ఇస్తుంది. బండి బరువు సుమారు 1450 కిలోలు.

ఈ ఇంజనులో ఒక వింత ఉన్నది. పిస్టనులను క్రాంకుషాఫ్టుతో కలిపే కడ్డీల అడుగున చిన్న గరిటెల వంటివి ఉంటాయి. అవి తిరుగుతూ క్రింది తొట్టెలలోని నూనెను తోడుకొని తమ బేరింగులకు తామే పోసుకొంటాయి. ఆ బేరింగులు కడ్డీలోనే కరిగించి పోసిన తెల్లలోహం. నెమ్మదిగా తిరిగినంతకాలం ఈ ఏర్పాటుకు వంక పెట్టవలసిన పని లేదు. గంటల తరబడి వేగంగా తిప్పితేనే చిక్కు.

ఎంత వేగంగా తిరుగుతుందో మనమే లెక్క కట్టవచ్చును. చక్రం వ్యాసం టైరుతో కలిపి సుమారు 71 సెంటీమీటర్లు, కనుక చుట్టుకొలత 2.23 మీటర్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగమంటే నిమిషానికి 1667 మీటర్లు. కాబట్టి చక్రం నిమిషానికి 747 సార్లు తిరగాలి. వెనుక ఇరుసులోని పళ్ళచక్రాల నిష్పత్తి 4.11. చక్రం ఒకసారి తిరగడానికి ఇంజను 4.11 సార్లు తిరగాలన్నమాట. 747ను 4.11తో గుణిస్తే 3070 వస్తుంది. ఇంజను అత్యధిక శక్తినిచ్చే వేగం 3300 అని చెప్పుకొన్నాం. అంటే నేటి పెద్ద రహదారిపై అందరితో సమానంగా పోవాలంటే ఈ ముసలి ఇంజను తన శక్తి చివరి అంచున గంటల తరబడి పరుగెత్తాలి. ఇంజను మార్చాలనే కోరికకు మూలం ఇదే. అది దుబారా కోరిక అని కొట్టివేయడానికి వీలు లేదు.

ఈ పని నిన్నమొన్న పుట్టినది కాదు. ఫోర్డు కంపెనీ 1932లో ఎనిమిది సిలిండర్ల ఇంజనును చౌక కారులో పెట్టిన తరువాత, కాలిఫోర్నియా యువకులు పాత బండ్లకు అటువంటి ఇంజనులను తగిలించి పందేలు వేయసాగారు. 1955లో షెవ్రోలే 265 ఘనపుటంగుళాల ఎనిమిది సిలిండర్ల ఇంజను తెచ్చింది. దాని శక్తి 162 అశ్వశక్తి, బరువు మాత్రం అదే కంపెనీ ఆరు సిలిండర్ల ఇంజను కన్న తక్కువ. అప్పటి నుండి ఇంజను మార్పిడికి అది పెట్టింది పేరు. నేడు 1999 తరువాతి పికప్పులలోని 5.3 లీటర్ల ఇంజనులను పాడుబడిన బండ్ల నుండి కొని తెచ్చుకొంటున్నారు. 1999లో దాని శక్తి 270 అశ్వశక్తి.

ఇక్కడ ఒక్క మాట. 90కి 270 మూడు రెట్లు అన్నాము గాని, నిజానికి తేడా ఇంకా ఎక్కువ. సుమారు 1972 వరకు అమెరికా కంపెనీలు ఫాను, డైనమో, గాలి వడపోత వంటివి తీసివేసి, ఉత్త ఇంజనును బల్లపై నడిపి శక్తిని కొలిచేవి. ఆ తరువాత అన్నీ తగిలించి కొలవడం మొదలుపెట్టారు. పాత పుస్తకాలలోని అంకెలను నేటి అంకెల ప్రక్కన పెట్టేటప్పుడు ఉపాధ్యాయులు దీనిని గమనించాలి.

సరే, కొత్త ఇంజను వచ్చింది. చిక్కులు ఒకదాని వెంట ఒకటి బయలుదేరుతాయి. ఎనిమిది సిలిండర్లు నాలుగేసి చొప్పున రెండు వరుసలుగా ఏటవాలుగా ఉండడం వల్ల ఇంజను వెడల్పయినది. పొగగొట్టం పోయి స్టీరింగు పెట్టెకు తగులుతుంది. పాత ఇంజనుకు పెట్రోలు పంపు స్వల్ప పీడనంతో అందిస్తే చాలు. కొత్తదానికి చదరపు సెంటీమీటరుకు సుమారు 4 కిలోల పీడనం కావాలి, అదిగాక ఆజ్ఞలిచ్చే చిన్న కంప్యూటరు కూడా కావాలి. బండిలో విద్యుత్తు 6 వోల్టులు, కొత్త ఇంజనుకు కావలసినది 12. నిరోధం మారదనుకొంటే, వోల్టేజి రెట్టింపయినప్పుడు దీపంలో ఖర్చయ్యే శక్తి నాలుగింతలు. పాత బల్బులు ఉంచి కొత్త బ్యాటరీ కలిపినవాడు ఓము నియమాన్ని మరల చదువుకోవలసిందే!

వీటికన్న ఆసక్తికరమైనది వెనుక ఇరుసుకు శక్తిని చేర్చే షాఫ్టు. పాత బండిలో ఆ షాఫ్టు ఒక లావుపాటి గొట్టంలో దాగి ఉంటుంది. చక్రాలను త్రిప్పేటప్పుడు ఇరుసు తాను ఎదురు తిరగబోతుంది. చర్యకు ప్రతిచర్య! దానిని ఆపేది ఆ గొట్టమే. కొత్త గేర్లపెట్టెకు ఆ గొట్టం అతకదు. కనుక ఇరుసుతో సహా తీసివేసి, రెండు యూనివర్సల్ జాయింట్లు గల షాఫ్టు వేస్తారు. అప్పుడు ఇరుసు మెలికను కమాను పట్టీలు భరించాలి. యూనివర్సల్ జాయింటుకు ఒక లోపమున్నది. వంగి తిరిగేటప్పుడు అది సమవేగాన్ని సమవేగంగా అందించదు. 10 డిగ్రీల వంపులో అవతలి షాఫ్టు ఒక్కొక్క చుట్టులో రెండుసార్లు నూటికి ఒకటిన్నర వంతు త్వరపడి, రెండుసార్లు అంతే వెనుకబడుతుంది. రెండు చివరల వంపులు సమానంగా ఉంటే ఒక జాయింటు చేసిన తప్పును మరొకటి దిద్దుతుంది. సమానంగా లేకుంటే బండి అంతా అదురుతుంది. అందుచేతనే అనుభవజ్ఞులు ఇంజనును బిగించే ముందు కోణమాపకం పట్టుకొని కూర్చుంటారు.

వెనుక ఇరుసు నిష్పత్తి 3.73, పై గేరు నిష్పత్తి 0.70 అనుకొంటే, అదే 100 కిలోమీటర్ల వేగంలో కొత్త ఇంజను తిరిగేది 1950 చుట్లు మాత్రమే. మరొక సంగతి గమనించండి. సమతలంపై అదే వేగంలో పోవడానికి రోడ్డూ గాలీ అడిగే శక్తి పాత ఇంజను ఉన్నా, కొత్త ఇంజను ఉన్నా ఒక్కటే. 270లో మిగిలినది నిలవలో ఉంటుంది. ఆ నిలవే మనిషిని ఊరిస్తుంది.

ఇంజను గాని ఇరుసు గాని పాడైతే బండి ఆగిపోతుంది. అసలు భయం బండి ఆగకపోవడం. 70 కిలోమీటర్ల వేగంలో ఈ బండి గతిజశక్తి సుమారు 274 కిలోజౌళ్ళు. 110లో 677. వేగం ఒకటిన్నర రెట్లు దాటింది, శక్తి దాదాపు రెండున్నర రెట్లయింది. శక్తి వేగం వర్గాన్ని అనుసరిస్తుంది గదా. బ్రేకు వేసినప్పుడు ఇదంతా వేడిగా మారాలి. మొదటి వేడితో 30 డిగ్రీల నీరు ఒక లీటరుకు కొంచెం తక్కువగా మరగకాచవచ్చును. రెండవదానితో రెండు లీటర్ల పైచిలుకు. ఈ వేడి అంతా కొన్ని క్షణాలలో నాలుగు ఇనుప డ్రమ్ములలోకి పోవాలి. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి, లోపలి నుండి ఒత్తే షూల నుండి దూరమవుతుంది. లైనింగు వేడెక్కితే ఘర్షణ తగ్గుతుంది. కాలు నేల వరకు దిగినా బండి జారుతూనే ఉంటుంది. పల్లంలో వరుసగా రెండు మూడుసార్లు బ్రేకు వేస్తేనే ఈ అవస్థ రావచ్చును. దీనికి తోడు ఆ పాత బండి బ్రేకులన్నిటికీ నూనె పంపేది ఒక్కటే మార్గం. ఎక్కడ ఒక గొట్టం పగిలినా నాలుగు చక్రాలకూ బ్రేకు లేనట్లే.

అందుకని తెలిసినవారు ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు వేస్తారు. డిస్కు గాలికి బయట ఉండి త్వరగా చల్లారుతుంది; వేడికి లావెక్కితే ప్యాడ్ల వైపుకే జరుగుతుంది. నూనెకు కూడా రెండు వేరువేరు మార్గాలు పెడతారు. ఈ పని ఇంజను దింపక ముందే జరగాలని నా అభిప్రాయం. డబ్బంతా ఇంజనుకు పోసి, బ్రేకులు వచ్చే ఏడు చూద్దామనుకొనే బండి వద్దకు పోకపోవడం మేలు. మన దేశంలోనైతే 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు నిర్ణయించినవాటికి భిన్నమయ్యేట్లు బండిని మార్చరాదు. మోజుపడే విద్యార్థులు ఇది కూడా తెలుసుకోవాలి.

ఇంత గొడవ వద్దనుకొనేవారికి మరొక దారి ఉన్నది. 1954లో షెవ్రోలే కంపెనీయే తన పికప్పులలో 235 ఘనపుటంగుళాల ఆరు సిలిండర్ల ఇంజను పెట్టింది. శక్తి సుమారు 112. ఇందులో గరిటెలు లేవు. పంపు నూనెను పీడనంతో ప్రతి బేరింగుకూ చేరుస్తుంది. ముందు భాగంలో కొద్ది మార్పులు చేస్తే ఇది 1947 నాటి బండిలో దాదాపు పాత ఇంజను స్థానంలోనే కూర్చుంటుంది. గొట్టంలోని షాఫ్టు, ఇరుసు, గేర్లు, కడకు 6 వోల్టుల బ్యాటరీ కూడా ఉన్నచోటనే ఉంటాయి. 100 కిలోమీటర్ల వేగంలో అది కూడా 3070 చుట్లే తిరగాలి. కాని పీడనంతో నూనె అందుతున్నందువల్ల బేరింగులు తట్టుకొంటాయి. విప్పి తీసిన పాత ఇంజనుకు నూనె పూసి, గోనెపట్టా కప్పి కొట్టంలో ఒక మూల దాచి ఉంచేవారు కొందరున్నారు. బండిని మొదటి రూపంలోనే చూడాలనే కొనుగోలుదారు వస్తే ఒక్క ఇంజనును తిరిగి బిగిస్తే సరిపోతుంది.