కంప్యూటరు గళ్లలో మిశ్రగతి

1983వ సంవత్సరమున వాద్యయంత్రముల తయారీదారులు ఏకమై, ఒకరు చేసిన కీబోర్డు మాట మఱియొకరు చేసిన యంత్రమునకు తెలియునట్లు ఏర్పఱచుకొన్న కట్టుబాటునకు మిడి అని పేరు. అందు ధ్వని యుండదు. ఏ మెట్టు ఎప్పుడు నొక్కబడినది, ఎంత బలముతో నొక్కబడినది, ఎప్పుడు విడువబడినది అను సమాచారము మాత్రమే యుండును. కావుననే వాయించిన పిమ్మట సైతము ఒక్కొక్క స్వరమును ముందునకో వెనుకకో జరుపుట సాధ్యమగుచున్నది. వ్రేలు తొట్రుపడి లయ తప్పిన స్వరములను సమీపమునగల కాలరేఖకు చేర్చు దిద్దుబాటునే క్వాంటైజ్ అందురు.

గోదావరి డెల్టాలో ఊడ్పుల వేళ తాడు లాగి వరుస పట్టినట్లే, సాఫ్ట్‌వేర్ కాలమునకు గళ్లు గీయును. పెక్కింటియందు తాళపు దెబ్బ ఒక్కింటికి టిక్కులను చిన్న కాలభాగములు 480, కొన్నింటియందు 960. 480 అనుకొన్నచో, దెబ్బను నాలుగు అక్షరములుగా పంచు చతురశ్రగతియందు అక్షరమునకు 120, మూడుగా పంచు తిశ్రమునందు 160, ఐదుగా పంచు ఖండమునందు 96 టిక్కులు వచ్చును. మిశ్రమునకు వచ్చునప్పటికి ఏడింట భాగింపగా 68 టిక్కులు పోను శేషము మిగులును. ఆ శేషము చెవికందనంత స్వల్పము గనుక దానికై చింతింప నక్కఱలేదు. అసలు చింత గడిని ఎన్నుకొనుటలో నున్నది. మృదంగపు నడకను మిశ్రగతిలో నిర్దుష్టముగా వాయించినవాడు, అలవాటు చొప్పున చతురశ్రపు గళ్లను ఎన్నుకొని మీట నొక్కెనా, ఏడు దెబ్బలలో మొదటిది మాత్రమే తన చోట నిలిచి, తక్కిన ఆఱును రెండేసి చొప్పున మూడు గీతలపై కుప్పపడును. తప్పులేని వాయిద్యమునందు యంత్రమే తప్పు పుట్టించినది!

కోనసీమలోని శంకరగుప్తమున 1930లో జన్మించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు తాళమున చప్పుడుతో వేయు సశబ్దక్రియలయందు గతిభేదమును నిలిపి, త్రిముఖి, పంచముఖి, సప్తముఖి, నవముఖి అను నూతన తాళవిధానమును కల్పించిరి. అట్టి తాళమును కంప్యూటరున కెక్కింపగోరువాడు పాట మొత్తమునకు ఒకే గడిని పఱచుట ఎట్లు పొసగును? ఏ క్రియకు ఏ గతియో ఆ భాగమును మాత్రమే ఎన్నుకొని, ఐదింటికో ఏడింటికో గళ్లను స్వయముగా నిర్ణయించి, విడివిడిగా దిద్దవలసినదే. ఇది శ్రమగా తోచును గాని, పాడైన దానిని వెదకి వెదకి బాగుచేయుటకన్న ఎంతో తక్కువ పని.

ఎంత దిద్దవలెననునది వేఱొక విచారము. దిద్దుబాటు బలమును నూటికి ఇంతయని నిర్ణయించు వీలు పెక్కు సాఫ్ట్‌వేర్లలో కలదు. యాబది అని పెట్టినచో, 40 టిక్కులు తప్పిన స్వరము 20 టిక్కుల దూరమునకు వచ్చి ఆగును. పెద్ద తప్పు చిన్నదగును, వాద్యకారుని చేతి పోకడయు నిలుచును. తూర్పు గోదావరి గ్రామములందు గరగ నృత్యమునకు మ్రోగు డప్పు దరువును నూటికి నూరుపాళ్లు సరిచేసిన పిమ్మట వినుడు. లెక్క కుదురును, అడుగులు కదలవు. సరిచేయుట యనగా సమము చేయుటయని భ్రమపడువారి చేతిలో మన దరువులు ఎంత నష్టపోవుచున్నవో తలచినప్పుడు నాకు బాధ కలుగును.

రాగము వాయించువారికి ఇంకొక జాగ్రత్త అవసరము. కీబోర్డుపై గమకమును పలికించునది ప్రక్కనుండు శ్రుతిచక్రము. దాని కదలిక స్వరముతో గాక వేఱుగా నమోదగును. కొన్ని అమరికలలో స్వరము జరిగినను ఆ కదలిక పాతచోటనే యుండిపోవుటచే, గమకము స్వరమునకు ముందో వెనుకనో పలుకును. ముందుగా లయను దిద్దుకొని, అటుపిమ్మట చక్రము త్రిప్పి గమకములను పలికించినచో ఈ చిక్కు రాదు.